అద్దకమువారి వాకిట నేర్చిన విద్య

మన యిండ్లలో గుమ్మములకు వ్రేలాడు తెఱలు, మంచములపై పఱచు దుప్పట్లు, గోడలకు కట్టు బొమ్మల గుడ్డలు ప్రతిదినము మన కన్నుల యెదుటనే యుండును. వాని వెల యెంతయో మన మెఱుగుదుము. ఏ యంగడిలో కొంటిమో యెఱుగుదుము. ఏ గోడరంగునకు ఏ తెఱ పొసగునో యిరుగుపొరుగువారితో తర్కింపగలము. కాని ఆ గుడ్డమీది యెఱుపు ఏ వేరునుండి వచ్చినది, ఆ నలుపు దేనివలన నిలిచినది, రెండుమార్లు ఉతికినంతనే యొక తెఱ వెలసిపోవుటకును, అవ్వగారి పెట్టెలోని దుప్పటి నేటికిని కళ తప్పకుండుటకును కారణమేమి యని పిల్లలు ప్రశ్నించినచో, విద్యావంతులమని చెప్పుకొను మనలో ననేకులము మాట మార్చెదము.

ఇది చిన్న లోపమని కొందఱు తలంపవచ్చును. గృహాలంకారమునకు కావలసినది అభిరుచియే గాని, వస్తువుల పుట్టుపూర్వోత్తరములతో మనకేమి పని యని యడుగవచ్చును. అభిరుచి గాలిలో పుట్టునది కాదు. వస్తువును తాకి, వాసన చూచి, అది తయారగు చోట నిలిచి చూచినవానికే దాని మంచిచెడ్డలు తెలియును. తెలియనివాడు అంగడివాని మాటనే ప్రమాణముగా గైకొనవలయును. ఈ సత్యమునకు నిదర్శనములు వెదకుచు దూరము పోనక్కఱలేదు. మన తూర్పుతీరమున, మచిలీపట్టణము మొదలుకొని పుదుచ్చేరి, కారైకాలు వఱకు గుడ్డలపై వ్రాతపని, అద్దకపుపని చేసినవారి వాకిళ్లలో జరిగిన చరిత్రయే చాలును. ఆ వాకిళ్లకు నేర్చుకొనుటకై యెవరు వచ్చిరి, ఎవరు రాలేదు, దాని ఫలమేమయ్యెను అనునదియే యీ వ్యాసమునకు విషయము.

పదునేడవ శతాబ్దమున ఐరోపాదేశములవారు మన తీరమునకు మొదట వచ్చినది మిరియములు, జాజికాయలు కొనుటకు వలయు సరకు కొఱకు. ఆ సుగంధద్రవ్యములు పండు తూర్పుదీవులలో వెండిబంగారములకంటె కోరమాండలు తీరపు గుడ్డలకే గిరాకి హెచ్చుగ నుండెను. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్టణమున వర్తకశాల నేర్పఱచుకొనిరి. కొలదికాలమునకే ఆ రంగుల గుడ్డలు వారి స్వదేశపు టిండ్లలోనికిని ప్రవేశించెను. 1663వ సంవత్సరమున లండనులో సామ్యూల్ పీప్స్ అను నౌకాశాఖోద్యోగి తన భార్య చదువుకొను గది గోడలకు కప్పుటకై హిందూదేశపు చిత్రవస్త్రమును కొనినట్లు తన దినచర్యయందు వ్రాసికొనెను. 1665లో జాన్ ఈవ్లిన్ అను మఱియొక దినచర్యకారుడు, ఒక దొరసానిగారి గదినిండ హిందువుల వృత్తులను జూపు బొమ్మల గుడ్డలు కట్టియుండుట చూచి మెచ్చుకొనెను. మంచముపై పఱచు పెద్ద దుప్పటికి మనవైపు ‘పలంగుపోషు’ అను పేరుండెను. ఆ మాటయే వారి నాలుకపై ‘పాలంపోర్’ అయ్యెను. నడుమ నొక వృక్షము, దాని కొమ్మలనిండ దేశదేశముల పుష్పములు, క్రింద రాతిగుట్టలు గల ఆ దుప్పట్లు లండను, పారిస్, ఆంస్టర్‌డాము నగరములలో సంపన్నగృహముల పడకగదులకు శోభనిచ్చెను.

ఆ వ్యామోహ మెంతదూరము పోయెననగా, అచ్చటి ప్రభుత్వములు శాసనములతో దానిని నిలుపవలసివచ్చెను. ఫ్రాన్సు దేశము 1686లో ఈ గుడ్డల దిగుమతిని, తమ దేశమున వానిని పోలిన గుడ్డలు అద్దుటను కూడ నిషేధించెను. ఆ నిషేధము 1759 వఱకు నడచెను. ఇంగ్లండులో 1700 సంవత్సరపు చట్టము స్వదేశపు వాడుకకై అద్దకపు గుడ్డలు తెచ్చుటను నిషేధించెను. 1721నాటి చట్టము అట్టి నూలుగుడ్డలను కట్టుకొనుటయేగాక యింటిసామానులకు వాడుటను సైతము నేరము చేసెను. అది 1774లో రద్దయినను, దిగుమతిపై పూర్వపు నిర్బంధము విడువలేదు. సుప్రసిద్ధ నటుడు డేవిడ్ గారిక్ భార్యకు కలకత్తానుండి కానుకగా వచ్చిన మంచపు తెఱలను సుంకాధికారులు 1775లో పట్టుకొనిరి. కోరమాండలు తీరమున వ్రాయబడిన ఆ తెఱలు నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమునందు భద్రముగ నున్నవి. నిషేధించినను మానలేనంత మోజు ఆ రంగులలో నుండెనని వేఱుగ చెప్పనక్కఱలేదు.

అంత గిరాకియున్నప్పుడు వారు తామే యేల చేసికొనలేదు? ప్రయత్నింపకపోలేదు. కాని వారు నూలుగుడ్డపై పూసిన రంగులు కొన్ని ఉతుకులకే పోయెడివి, లేదా నూనె రంగువలె గుడ్డపై బిగిసి వాసన కొట్టెడివి. మన గుడ్డలో రంగులు ఉతికినకొలది తేటయగుచుండెను. ఆ వస్తువును చేతిలో నుంచుకొని యెంతకాలము తిప్పి తిప్పి చూచినను దాని మర్మము వారికి దొరకలేదు. ఏలయన, సిద్ధమైన వస్తువు తాను పుట్టిన మార్గమును తనలో దాచుకొనును. ముగిసిన గుడ్డపై కనబడు ఎఱుపును చూచినవాడు, ఎవడో కుంచెతో ఎఱ్ఱరంగును పూసెననుకొనును. వాస్తవమున ఆ గుడ్డపై ఎవరును ఎఱ్ఱరంగును పూయలేదు. ఈ సంగతి తెలియుటకు అద్దకమువారి వాకిటికే రావలసియుండెను.

అట్లు వచ్చినవారిలో ఆంటోయిన్ ద బోల్యూ అను ఫ్రెంచి నౌకాధికారి ముఖ్యుడు. పారిస్ నగరమున రాజోద్యానమునకు అధిపతియైన ద్యుఫే అను శాస్త్రజ్ఞు డుండెను. విద్యుత్తు రెండు విధములని కనిపెట్టినవా డితడే. ఇతడు రంగుల పరిశ్రమ విషయమున ప్రభుత్వమునకు సలహాదారుగ నుండి, హిందూదేశపు రంగుల విధానమును తెలిసిరమ్మని బోల్యూను కోరెను. 1734 ప్రాంతమున బోల్యూ పుదుచ్చేరిలో ఒక చిత్రవస్త్రమును తన యెదుటనే మొదటినుండి తుదివఱకు చేయించెను. ఆయన చేసిన యుక్తి మిక్కిలి సులభము, మిక్కిలి గొప్పది. పని యొక్కొక దశను దాటినప్పుడెల్ల ఆ గుడ్డనుండి యొక ముక్కను కత్తిరించి, ఆ దశలో పనివాడేమి చేసెనో ప్రక్కన వ్రాసికొనెను. అట్టి పదునొకండు ముక్కలును, ఆ వ్రాతయు పారిస్ నందలి ప్రకృతిశాస్త్ర మ్యూజియపు గ్రంథాలయమున నేటికిని నిలిచియున్నవి. మాటలు మాత్రమే వ్రాసికొనినవాడు పొరబడవచ్చును. ముక్కలు మాత్రమే దాచుకొనినవాడు మఱచిపోవచ్చును. రెండును జతపఱచినందున ఆ పాఠము చెడకుండ నిలిచెను.

ఆ వాకిట ఆయన కన్నదేమి? ఆ కాలపు పనిని మనమును ఒకసారి దగ్గఱనుండి చూతము. మొదట చలువచేసిన నూలుగుడ్డను కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో నానవైచి, పిండి, ఎండలో ఆరవేయుదురు. కరక్కాయలోని వగరు గుడ్డకు పట్టును. పాలలోని క్రొవ్వు నూలుపోగులను ఆవరించి, పిమ్మట వ్రాయు ద్రవము ఇటునటు ప్రాకకుండ కాపాడును. తరువాత ఆ గుడ్డను మడిచి కొయ్యతో మోది నున్నపఱతురు. ఆకారము వ్రాసిన కాగితమునకు సూదితో గీతలవెంబడి బెజ్జములు పొడిచి, దానిని గుడ్డపై పఱచి, బొగ్గుపొడి మూటతో అద్దినచో బొమ్మయొక్క చుక్కల గీతలు గుడ్డపై దిగును. అప్పుడు వెదురుపుల్ల మొనకు కొంత పైన వెండ్రుకలో ఉన్నియో ఉండగా చుట్టిన కలమును పట్టుకొని పనివాడు కూర్చుండును. ఉండను నొక్కినకొలది ద్రవము మొనకు జాఱును.

అతడు నల్లగీతకు వాడునది నల్లరంగు కాదు. ఇనుపముక్కలను బెల్లపునీటిలోనో పులిసిన గంజిలోనో చాలదినములు ఊరవైచి తీసిన నీరు. అది గుడ్డకు తగిలినంతనే కరక్కాయ వగరుతో కలిసి మన కన్నుల యెదుటనే నల్లబడును. ఎఱ్ఱనివి కావలసినచోట అతడు వ్రాయునది పటికనీరు. పటికకు రంగులేదు గనుక ఎక్కడ వ్రాసెనో కనబడుటకై పతంగపు చెక్క కషాయమును కొంచెము కలుపును. ఆ కషాయపు రంగు తరువాత పోవునదియే. పిమ్మట గుడ్డను ఉతికి, చిరివేరు వైచిన కాగులో కాచుదురు. పటిక పట్టినచోటనే ఆ వేరులోని ఎఱుపు నిలుచును. పటిక లేనిచోట అంటిన రంగు, మేకపెంటికల నీటిలో నానవైచి, ఎండలో తడుపుచు ఆరవేయుచుండగా క్రమముగ పోవును. పటిక పలుచనైనచో గులాబివన్నె, ఇనుపనీరు కలిసినచో ఊదావన్నె వచ్చును. ఒక కాగు, ఒక వేరు, వన్నెలు మాత్రము పెక్కు. రంగునకును గుడ్డకును నడుమ మూడవ పదార్థమొకటి నిలిచి రెంటిని కట్టివేయుటయే ఆ మర్మము.

నీలమునకు మార్గము వేఱు. నీలిమందు కలము మొనపై నిలుచుటకు ఒప్పుకొనదు, గాలి తగిలినంతనే బిగిసిపోవును. కావున నీలము కావలసిన చోటులు తప్ప తక్కిన గుడ్డనంతయు కరగిన మైనముతో కప్పి, నీలితొట్టిలో ముంతురు. తీసినప్పుడు పచ్చగానుండి, గాలికి చూచుచుండగనే నీలమగును. తరువాత మరగునీటిలో మైనమును కరగించి తీయుదురు. నీలముపై పసుపువన్నె పూసినచోట ఆకుపచ్చ వచ్చును. ఈ దశలు ఎన్నడును తాఱుమాఱు కారాదు. ఇంత పనిలో ఎండ యెంత, నీరెంత, నాన యెంత అనునవి యన్నియు పనివాని వ్రేళ్లకును కన్నులకును తెలిసినవే గాని, త్రాసునకు తెలిసినవి కావు.

బోల్యూ పిమ్మట చెప్పదగినవాడు కేర్దూ అను జెసూయిట్ మతాచార్యుడు. ఇతడు 1691లో ఫ్రాన్సులో పుట్టి, 1732లో మన దేశమునకు వచ్చి, 1779లో పుదుచ్చేరిలోనే కాలధర్మము నొందెను. తెలుగువారి కితడు పరాయివాడు కాడు. తెలుగు నేర్చి, తెలుగునకును ఫ్రెంచికిని నిఘంటువు కూర్చినవాడు. సంస్కృతమునకు గ్రీకు, లాటిను భాషలతో గల బంధుత్వమును 1767లో పారిస్ పండితులకు తెలిపినవాడును ఇతడే. 1742 జనవరిలో ఇతడు కోరమాండలు తీరమునుండి స్వదేశమునకు వ్రాసిన లేఖలో చిత్రవస్త్రములు చేయు విధమంతయు వివరించెను. తాను క్రైస్తవమున చేర్చుకొనినవారిలో కొందఱు ఆ పనిలో నేర్పరులగుటచే, వారిని ఒక్కొక్కరిని వేఱుగ అడిగి, ఒకరి మాటను మఱియొకరి మాటతో సరిచూచి తెలిసికొనినట్లు చెప్పెను. అనంతరము పియేర్ పువావ్రు అను సంచారి తన పరిశీలనలను పంపగా, కేర్దూ మరల పనివారిని విచారించి, ఏ విషయమున తాను చెప్పినది సరియో, ఏది భేదించునో 1747లో ఇంకొక లేఖ వ్రాసెను. ఒకసారి చూచినది చాలదనియు, సందేహము కలిగినప్పుడు గ్రంథమునొద్దకు గాక పనివానియొద్దకే మరల పోవలెననియు ఈ రెండవ లేఖ మనకు నేర్పుచున్నది.

ఇక మన గోదావరి మండలమునకు వత్తము. విలియం రాక్స్‌బరో అను స్కాట్లండు వైద్యుడు 1781 మొదలు సామర్లకోటలో కుంఫిణీ కొలువున నుండి, అచ్చట తోట పెంచి, వృక్షశాస్త్ర పరిశోధన సాగించెను. 1795లో లండనులో వెలువడ మొదలిడిన ఆయన ‘కోరమాండలు తీరపు మొక్కలు’ అను గ్రంథమున చిరివేరు మొక్క పటమును, దానితో రంగువేయు విధానమును చేరియున్నవి. అది తీరపు టిసుకనేలలలో పెరుగు చిన్న మొక్క, సన్నని పొడవైన వేరుగలది. అంతకు నూటడెబ్బది యేండ్లకు పూర్వమే మచిలీపట్టణమున నున్న విలియం మెథోల్డ్ అను వర్తకుడు, నేడు నిజాంపట్నమనబడు పెద్దపల్లియొద్ద దీవిలో దొరకు చిరివేరు శ్రేష్ఠమని వ్రాసియుండెను. గవ్వలు, ఆలుచిప్పలు చివికిన సున్నపునేల ఆ వేరులోని ఎఱుపునకు బలమిచ్చెడిదని నేటి రసాయనశాస్త్రము వివరించుచున్నది. నేలను చూడనివానికి వేరు తెలియదు, వేరును చూడనివానికి ఎఱుపు తెలియదు.

ఈ రాకపోకలకు ఫలమేమి? 1759లో ఫ్రాన్సు నిషేధము తొలగిన మఱుసటి యేడే ఓబర్కాంఫ్ అనునాడు పారిస్ సమీపమున జూయి గ్రామమునందు అద్దకపు కర్మాగారమును స్థాపించెను. ఐరోపా గృహముల తెఱలు, గోడగుడ్డలు క్రమముగ అచ్చటనే తయారు కాజొచ్చెను. కొయ్య అచ్చులు, రాగిరేకులు, తుదకు యంత్రపు టురుళ్లు వచ్చెను. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ మన దేశపు గుడ్డలనుండి ఏడువందల మాదిరిముక్కలను కత్తిరించి, పదునెనిమిది సంపుటములుగ కట్టించెను. అట్టి యిరువది ప్రతులలో పదుమూడు బ్రిటనునకును, ఏడు మన దేశమునకును పంచబడెను. ఏ సరకు మనవారికి నచ్చునో ఇంగ్లండు యంత్రశాలలు చూచి నేర్చుకొనుటకే ఆ యుద్యమము. 1868లో చిరివేరునందలి ఎఱ్ఱపదార్థమును జర్మనీ శాస్త్రజ్ఞులు బొగ్గుతారునుండి తయారుచేసిరి. 1897లో కృత్రిమమైన నీలి అంగడికి వచ్చెను.

మన అద్దకము క్షీణించుటకు ఆ లేఖలే కారణమనుట న్యాయము కాదు. కుంఫిణీ ప్రభుత్వము, సుంకములు, ఆవిరియంత్రములు, చౌకయైన మిల్లుగుడ్డ అను బలవత్తరములైన కారణము లనేకము లుండెను. చూచి వ్రాసికొనుట నేరమునుగాదు. జ్ఞానము ఒక యింటి పెట్టెలో తాళము వేయదగిన నగ కాదు. కాని రెండు విషయములు మన మనస్సును బాధింపక మానవు. మొదటిది, బోల్యూ యెదుట గుడ్డ వ్రాసిన పనివాని పేరు లోకమునకు తెలియదు. రాక్స్‌బరో గ్రంథమునకు పటములు వ్రాసిన హిందూచిత్రకారుల పేర్లును ఆ పటములతో రాలేదు. గురువు పేరు లేకుండ శిష్యుల గ్రంథములు మాత్రమే మిగిలెను. రెండవది, అంతకంటె పెద్దది. సముద్రములు దాటి నౌకాధికారి వచ్చెను, మతాచార్యుడు వచ్చెను, వైద్యుడు వచ్చెను. ప్రక్కవీధిలోని పండితుడు మాత్రము రాలేదు.

ఏల రాలేదు? చేతులకు నీలిమరక యంటినవానిని మన సంఘము క్రింది మెట్టున నిలిపెను. పేడనీరు, మేకపెంటికలు, పులిసిన బెల్లపునీరు గల వాకిలి శుచికాదని తలంచిరి. అక్షరములు తెలిసినవానికి కాగుచెంత నిలుచుట అవమానము, కాగుచెంత నున్నవానికి అక్షరములు చేరుటకు మార్గము లేదు. ఇట్లు చదువు ఒక వీధిలోను, పని మఱియొక వీధిలోను వేఱుపడి, రెండును బలహీనములయ్యెను. అలంకారశాస్త్రమున ఉపమానములను వందలుగ వర్గీకరించిన బుద్ధి, తన యింటి గుమ్మపు తెఱపై ఎఱుపెట్లు నిలిచెనో విచారింపలేదు. ఆ వాడలో ఒక తరము చేతులు విడిచిన పనిని మఱియొక తరమునకు అందించు గ్రంథము లేకపోయెను. పనివాడు ఆకలికి పని మానినప్పుడు ఆ విద్యయు అతనితోనే పోయెను. కులాభిమానము మనుష్యునకే గాక విద్యకును చేయు హానికి ఇంతకంటె నిదర్శనము వలయునా?

ఆ వాకిటికి శిష్యుడుగ పోవుట యెట్లుండునో చూపిన యుదాహరణ మొకటి ఇంగ్లండు చరిత్రయందు కలదు. విలియం మారిస్ అను కవి గృహాలంకారమునకు వలయు తెఱలు, తివాచీలు, గోడకాగితములు తయారుచేయు సంస్థను 1861లో మిత్రులతో కలిసి స్థాపించెను. అంగడిలోని క్రొత్త రసాయనపు రంగులు ఆయనకు నచ్చలేదు. పాత గ్రంథములు చదివెను, అవి చాలలేదు. 1875లో స్టాఫర్డుషైరునందలి లీక్ పట్టణమునకు పోయి, థామస్ వార్డిల్ అను రంగుల పరిశ్రమవాని కర్మాగారమున తానే తొట్టిలో చేతులుంచి పని నేర్చుకొనెను. ధనవంతుని కుమారుడు, పేరుగన్న కవి, మోచేతులవఱకు నీలిమరకలతో ఇంటికి వచ్చుటకు సిగ్గుపడలేదు. 1881లో మెర్టన్ ఆబీయందు తన స్వంత కర్మాగారమును నెలకొల్పి, నదీజలమున గుడ్డలు ఉతికించుచు, ఆయన చేయించిన తెఱగుడ్డలను నేటికిని గృహాలంకారకారులు ఆదర్శముగ నెంచుచున్నారు. ఆయన గురువైన వార్డిల్ మన దేశపు రంగులను, పట్టును పరిశీలించి, 1885–86లో స్వయముగ ఇచ్చటికి వచ్చినవాడగుట గమనింపదగినది.

మన దేశమునందును ఈ కనువిప్పు కలుగకపోలేదు. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు ప్రతిపాదించిన విద్యావిధానము చేతిపనినే చదువునకు మూలముగ గైకొనెను. 1952లో ఏర్పడిన అఖిలభారత హస్తకళామండలికి నాయకత్వము వహించిన కమలాదేవీ చట్టోపాధ్యాయ గ్రామగ్రామము తిరిగి పనివాండ్రను వెదకెను. క్షీణదశలో నున్న శ్రీకాళహస్తి కలంకారీకి ఆ మండలి ప్రోత్సాహమున, 1950 దశకపు ఉత్తరార్ధమున మరల శిక్షణ మొదలయ్యెను. 1958లో చార్లెస్, రే ఈంస్ అను అమెరికా దంపతులు మన దేశమున సంచరించి ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో, పల్లెపడుచు చంకనెత్తుకొను చెంబును మెచ్చుకొని, దాని ఆకృతిలో తరతరముల బుద్ధి యిమిడియున్నదనిరి. ఆ నివేదిక ననుసరించి 1961లో అహమ్మదాబాదునందు జాతీయ డిజైన్ సంస్థ వెలసెను. అచ్చటి విద్యార్థులు పనివాండ్ర వాడలకు పోయి, వారితో దినములు గడపి, పనిని అంచెలంచెలుగ వ్రాసికొనుట చదువులో భాగమైనది. బోల్యూ చేసిన పనిని మన పిల్లలు మన నేలపై చేయుటకు రెండువందల యేండ్లకు పైగా పట్టెను.

కాని విద్యాసంస్థలు చేయవలసిన పనిగా దీనిని విడిచిపెట్టరాదు. ఇది గృహస్థుల పనియు. నేడు గృహాలంకారమునకు పటములున్నవి, నిపుణులున్నారు, కూర్చున్నచోటనే గుడ్డ నెంచుకొను సౌకర్యమున్నది. కలంకారీ యను పేరుతో యంత్రముపై అచ్చువేసిన గుడ్డలు ప్రతి పట్టణమున అమ్ముచున్నారు. వానిలో ఏది చేతిది, ఏది యంత్రపుది అని తెలియనివాడు చౌకదానినే కొనును. అందు తప్పులేదు, అతనికెవరును చెప్పలేదు గదా! అట్లు ఒక్కొక గృహస్థుడు తెలియక కొనిన ఒక్కొక గుడ్డ, తెలిసిన పనివాని కూలిలో నొక భాగమును తీసివేయుచున్నది. కావున ఈ అజ్ఞానము మనకు మాత్రమే నష్టము కాదు.

మచిలీపట్టణమునకు చేరువనున్న పెడనలో నేటికిని టేకు అచ్చులతో అద్దకము జరుగుచున్నది. శ్రీకాళహస్తిలో కలముతో వ్రాతపని జరుగుచున్నది. సెలవుదినములలో దేవాలయములకు పోవుచున్నాము, అది మంచిదే. శ్రీకాళహస్తీశ్వరుని దర్శించినవారు మఱొక పూట పనివాని వాకిట గడుపుటకు అభ్యంతరమేమి? పిల్లలను, ముఖ్యముగ ఆడపిల్లలను వెంటబెట్టుకొని పోవలెను. పోయి, వాకిట నిలుచుండి వెల మాత్రము అడిగి రాకూడదు. కరక్కాయ పట్టించిన గుడ్డను చేతితో తాకి, వాసన చూడవలెను. ఇనుపనీటి గీత పసిమి గుడ్డపై నల్లబడుటను కన్నులార చూడవలెను. పటికనీరు వ్రాసిన గుడ్డ కాగులోనికి పోవుటకు ముందొకసారి, పిమ్మట నొకసారి చూడవలెను. చిరివేరునకు బదులు నేడు మంజిష్ఠ, కృత్రిమపు టెఱుపు వాడుకలోనికి వచ్చుటయు, దానికి కారణములును పనివానినే అడిగి తెలిసికొనవలెను. అతడు అనుమతించినచో ప్రతి దశకు నొక చిన్నముక్కను వెలయిచ్చి తీసికొని, పుస్తకమున అంటించి, ప్రక్కన పిల్లల చేతనే వ్రాయింపవలెను. ఆ పుస్తకపు మొదటిపుటలో, మన ఫ్రెంచి నౌకాధికారి మఱచిన దొకటి ముందుగ వ్రాయవలెను. అది ఆ పనివాని పేరు, ఆమె స్త్రీయైనచో ఆమె పేరు.

అతని పూటను మనము తీసికొనినందులకు కూలి యిచ్చుట మఱవరాదు. గురుదక్షిణ లేని విద్య మన సంప్రదాయమున లేదు. పాఠశాలలో లెక్కలు చెప్పినవానికి జీతమిచ్చి, అద్దకము చెప్పినవానికి చిఱునవ్వు మాత్రమిచ్చి వచ్చుట అదే పాత దురభిమానము. మాటలలోను జాగరూకత వలయును. పనివానిని ‘నీవు’ అని, అతని పనిని కొనువానిని ‘మీరు’ అని పిలుచు అలవాటును మన పిల్లలు మననుండియే నేర్చుకొనుచున్నారు. ఆ వాకిట పెద్దవాడు అతడు, నేర్చుకొన వచ్చినవారము మనము.

ఇట్లు చూచి వచ్చిన పిల్ల మఱునాడు తన యింటి గుమ్మమున నిలిచి తెఱను చూచినప్పుడు, ఆమెకు కనబడునది ఎఱుపు మాత్రము కాదు. ఇసుకనేలయు, సున్నపునీరును, పటికయు, ఎండయు, కాగుచెంత చెమటోడ్చినవారి ముఖములును కనబడును. ఆమె తరువాత కొను గుడ్డను చూచి కొనును, ఉతుకు గుడ్డను తెలిసి ఉతుకును, ఒకనాడు ఇంటిని తీర్చిదిద్దవలసివచ్చినప్పుడు ఇతరుల పటములను కాపీచేయక తన బుద్ధితో ఎంచుకొనును. పదునొకండు ముక్కలు సముద్రము దాటి పారిస్ నగరమున నిలిచియున్నవి. పండ్రెండవ ముక్క మన యిండ్లలో, మన పిల్లల చేతివ్రాతతో నిలుచుటకు పెడన రైలుబండి ప్రయాణము మాత్రమే అడ్డు. వచ్చు సెలవులలో ఆ ప్రయాణమునకు కొందఱైనను సిద్ధపడుదురుగాక!